సువార్తమ్మ వాసన

2069 నాటికి ఏలూరులో దోమల పొగబండి ఎరిగినవాళ్లు ముసలివాళ్లే. ఆ పొగలో పడి పరిగెత్తిన రోజుల్ని వాళ్లింకా ముచ్చటగా చెప్పుకుంటారు. ఇప్పుడు వీధికో గంధవల అనే పెట్టె ఉంది. అందులోని గుళికలో ఈస్ట్ కణాలు మనిషి చర్మపు వాసనను పుట్టిస్తాయి. మనిషే అనుకుని దోమ వస్తుంది, చిన్న ఫ్యాన్ దాన్ని లోపలికి లాగేస్తుంది. విషం లేదు కాబట్టి తూనీగలు మళ్లీ కనిపిస్తున్నాయి.

ఆ వాసన ఒక మనిషిది. గంధవల తయారీకి డాక్టర్ వారిజ మూడు వందల మందిని పరీక్షిస్తే, దోమలు ఎక్కువగా ముసిరింది ల్యాబ్ ఊడ్చే సువార్తమ్మ చేతికే. "ఇన్నాళ్లకి నన్ను మెచ్చింది ఈ దోమలా మేడంగారూ!" అని ఆమె పడీపడీ నవ్వింది. ఆమె పోయి నాలుగేళ్లయింది.

ఆ వానాకాలం గట్టు కాలనీలో ముగ్గురికి డెంగీ వచ్చింది. అక్కడి గంధవల మాయమైంది. దాని సిగ్నల్ పట్టుకుని వెళ్లిన వారిజకు అది ఒక ఇంట్లో, మంచం పక్కన కనిపించింది. మూత తీసి ఉంది, ఫ్యాన్ ఆగిపోయి ఉంది. మంచం మీద జ్వరంతో ఏసోబు. సువార్తమ్మ భర్త. ముగ్గురు రోగుల్లో ఒకడు.

"ఎందుకు తెచ్చారు ఏసోబు గారూ?"

"దాని చీరలన్నీ వాసన పోయాయమ్మా," అన్నాడాయన.

వారిజ పెట్టెను తీసుకెళ్లక తప్పలేదు. కానీ ఊరుకోలేకపోయింది. వారం రోజులు కూర్చుని ఆ వాసనను విడదీసింది. దోమల్ని పిలిచే చెమట ఆమ్లాలు తీసేసి, మిగిలినదాన్ని సీసాలో పట్టి, ఆయన కోలుకున్నాక ఇచ్చింది. ఏసోబు ఆత్రంగా మూత తీశాడు. ముఖం వాడిపోయింది.

"సబ్బు వాసనమ్మా ఇది. మా ఆవిడ కాదు."

వారిజ తెల్లబోయింది. దోమకు ఏది కావాలో ఆయనకూ అదే కావాలి. ఆ రెంటినీ విడదీసే రసాయనశాస్త్రం ఆమె దగ్గర లేదు.

మర్నాడు ఆమే ఒక దోమతెర కొనుక్కొచ్చి ఆయన మంచానికి కట్టింది. గంధవలను తెరకు ఆనించి బయట పెట్టి ఫ్యాన్ తిప్పింది. కాలనీ దోమలన్నీ ఆ ఇంటికే రాసాగాయి, వచ్చినవి వచ్చినట్టే పెట్టెలో పడ్డాయి. జ్వరాలు ఆగాయి.

నెల తర్వాత వారిజ గుళిక మార్చడానికి వెళ్లింది. ఏసోబు తెర లోపల, పెట్టె వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"అప్పుడూ ఇంతేనమ్మా," అన్నాడు. "దాని పక్కన పడుకుంటే నన్నొక్క దోమా కుట్టేది కాదు."