తూము తెరిచినవాడు

అల్లుడే పగబట్టి తూము వదిలేశాడట. మామ తోట తన పేర రాయలేదన్న కడుపుమంటతో, పోటు ఎక్కే వేళ చూసి మరీ ఉప్పునీళ్ళు లోపలికి తోలాడట. పక్కతోట ప్రానీ ఈ మాట పూలు ఎత్తుకెళ్ళే బండివాడి చెవిన వేసింది. బండివాడు కట్టలు సర్దుకుంటూ అదే ఆ అల్లుడి పెళ్ళాం సుమాలీకి చెప్పాడు. పైగా తనకెందుకులెమ్మని, విన్నది చెప్పానంతేనని దులిపేసుకున్నాడు.

పొద్దున్నే కోసిన ఆర్కిడ్ కాడలు సుమాలీ ముందు బల్లమీద పరిచి ఉన్నాయి. మూరెడు పొడుగు, విచ్చిన పూలు సగం, కొసన మొగ్గలు సగం ఉంటేనే అది విమానమెక్కే సరుకు. ఇవి జానెడు దాటలేదు. మొగ్గలు పచ్చబడి, ముట్టుకుంటే రాలుతున్నాయి. బండివాడు వాటిని ఓ పక్కకు నెట్టి, గుడిలో బుద్ధుడి ముందు పెట్టే చిన్న కట్టల కింద వేసుకుంటానన్నాడు. ఆ రేటుకు కోసిన కూలి కూడా రాదు. సరేనంది. కాదంటే అవీ కుప్పలో పడేవే.

ఆ చుట్టుపక్కల తోటలన్నీ థాచీన్ నది నీళ్ళమీద బతికేవే. ఎండాకాలం నది సన్నబడగానే సముద్రం పైకి ఎగదన్నుతుంది. ఆ నీళ్ళు తగిలాయంటే ఆర్కిడ్ వేళ్ళ కొసలు మాడిపోతాయి. మొక్కల కింద పరిచిన కొబ్బరి డొక్కలకు ఉప్పు పట్టిందంటే ఇక వదలదు. అన్నీ పీకి పారేసి మళ్ళీ నాటుకోవాలి. నాటిన మొక్క అమ్ముడుపోయే కాడ వేసేసరికి ఏడాది పైమాటే. అప్పటిదాకా ఎదురు పెట్టుబడి తప్ప రాబడి లేదు. ఆ చాకిరీకి నడుం వంచగల మనిషి ఇల్లు విడిచి పోయాడు.

సుమాలీ వాళ్ళదీ పక్కవాళ్ళవీ కలిపి మూడు తోటలకూ ఒకటే తూము. దాని చక్రం సుమాలీ తండ్రి బున్‌చూ తప్ప ఇంకెవరూ ముట్టుకునేవారు కాదు. ఆయన వేకువనే నదిలోంచి పుడిసెడు నీళ్ళు తీసి నోట్లో పోసుకునేవాడు. నాలుక మీద తిప్పి, ఉమ్మి, "తియ్యగా ఉన్నాయి" అన్నాక తూము లేచేది. ఆ ఒక్క మాట కోసం పక్క తోటలవాళ్ళు గట్టుమీద చేతులు కట్టుకుని నుంచునేవారు.

ఇల్లరికం వచ్చిన ప్రయూన్ ఈశాన్యపు మెట్టసీమవాడు. కిందటేడు వానలు వెనకబట్టాక అతను నీళ్ళలో ఉప్పు కొలిచే మీటరు కొనుక్కొస్తే మామ పడీపడీ నవ్వాడు. జిగురన్నం ముద్దలు మింగే మెట్టవాళ్ళు నదికి జ్వరం చూడ్డానికి వచ్చారని గట్టుమీద అందరికీ చెప్పాడు. ప్రయూన్ కూడా నవ్వేసి, దాన్ని చూరులో దోపేశాడు.

మొక్కలు మాడిన రోజు పక్క తోటలవాళ్ళంతా వచ్చి నిలదీశారు. తను తీపి చూసే తెరిచానన్నాడు బున్‌చూ. పోటు రాకముందే మూయమని అల్లుడికి అప్పగించాను, వాడు పడుకుని నిద్రపోయాడు అన్నాడు. "నాకెవరూ చెప్పలేదు" అన్నాడు ప్రయూన్, ఒకే ఒక్కసారి. తర్వాత పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఆ సాయంత్రం బస్సుకే సురిన్‌లో ఉన్న తల్లి దగ్గరికి వెళ్ళిపోయాడు.

బండివాడు పోయాక సుమాలీ వంటకు కూచుంది. ప్రానీ మాటలు తలలో గిర్రున తిరుగుతుంటే పులుసులో ఉప్పు బదులు పోసే చేపల సాసు ఒకసారి పోసిందో రెండుసార్లు పోసిందో చూసుకోలేదు. అన్నాల దగ్గర మొదటి ముద్దకే ఆమె గొంతు మండింది. నోట్లోది ఉమ్మేసి, పారబోస్తానంటూ గిన్నె అందుకోబోయింది.

బున్‌చూ అప్పటికే సగం తినేశాడు. పైగా తన పక్కన విడిగా ఉండే సాసు సీసా అందుకుని, మీ వంటలన్నీ ఈమధ్య చప్పిడి కూడైపోయాయని విసుక్కుంటూ ఇంకాస్త సాసు వంచుకున్నాడు.

సుమాలీ చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. తల్లి వైపు చూసింది. లమ్‌దువన్ తల వంచుకుని, కంచంలో లేని చేపముల్లు ఏరుతోంది. సుమాలీ సీసా తీసుకుని వేలిమీద చుక్క వేసుకుని నాకింది. సగానికి సగం నీళ్ళు.

"ఎప్పట్నించమ్మా?"

"ఏది?"

"సాసులో నీళ్ళు కలపడం."

లమ్‌దువన్ తప్పించుకోవాలని చూసింది. పెద్దాయనకు రక్తపోటనీ డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడనీ ఏదో నసిగింది. కూతురు కళ్ళు తిప్పకపోయేసరికి దాచలేకపోయింది. కిందటి వానల్లో జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ ఆయనకు రుచి తెలియడం లేదు. ఉప్పూ ఒకటే, పంచదారా ఒకటే.

"తెలిసీ తూము దగ్గరికి పోనిచ్చావా?"

"ఎలా ఆపమంటావే? ఊరంతా ఆయన నోరు చూసుకుని నుంచునేది. నీకు రుచి పోయిందయ్యా, ఇంట్లో కూచో అని నేనెలా అనేది?"

"మరి మా ఆయన్ని అంటుంటే?"

"మాట పడ్డా అల్లుడు ఇంకో ఊరెళ్ళి బతకగలడు. ఈయన మాట పడితే ఎక్కడికి పోతాడు?"

"ఆ ఇంకో ఊరెళ్ళింది నా మొగుడమ్మా."

బున్‌చూ చెయ్యి కడుక్కోలేదు. మెతుకులు వేళ్ళమీదే ఎండుతున్నాయి. ఎప్పుడూ గట్టుకు వినపడేలా మాట్లాడే మనిషి, ఎదురుగా ఉన్నవాళ్ళకే వినపడనంత చిన్నగా మాట్లాడాడు.

"తియ్యగానే అనిపించాయే. ఇప్పుడు ఏ నీళ్ళు పోసుకున్నా అలాగే అనిపిస్తోంది."

"మూయమని ఆయనకి అప్పగించావా నాన్నా?"

"లేదు. అంతమంది మీద పడి అడుగుతుంటే నోటికి అదొచ్చింది."

సుమాలీ ఏడ్చింది. అరిచి కాదు, నడుం విరిగినట్టు గోడకు జారగిలపడి. కొంతసేపటికి తండ్రే లేచాడు. ప్రానీ ఇంటికి వెళ్ళి తప్పు తనదని చెప్తానన్నాడు. తూము చక్రం ఇక ముట్టనన్నాడు. ముందు అల్లుడికి ఫోను కలపమన్నాడు. అది విని సుమాలీ అరచేత్తో మొహం తుడుచుకుంది. సురిన్ నుంచి రాత్రి బస్సు ఎక్కితే తెల్లారేసరికి వచ్చేస్తాడని, వస్తే మాడిన వరసలు పీకడం మొదలుపెట్టవచ్చని ఆమె మనసు అప్పుడే లెక్కలు వేసుకుంది. నంబరు నొక్కి ఫోను అందరికీ వినపడేలా చాప మీద పెట్టింది.

బున్‌చూ ఏదీ దాచలేదు. నాలుక సంగతి చెప్పాడు, ఆడిన అబద్ధం చెప్పాడు. కొడుకులాంటివాడి మీద నిందవేసిన తనను క్షమించమన్నాడు. ఫోను ముందు ఆయన చేతులు జోడించడం అవతల ఉన్నవాడికి కనపడదు.

"మీ నోటి సంగతి నాకు అప్పుడే తెలుసు మావయ్యా," అన్నాడు ప్రయూన్ నిదానంగా. "అందుకే మీటరు కొన్నా. మీరు నవ్వితే ఊరుకున్నా. మీరు నింద వేసినా ఊరుకున్నా. పెద్దాయన, బెదిరిపోయాడు అనుకున్నా."

"మరింకేంటి బాబూ, వచ్చెయ్. సుమాలీ కూడా రమ్మంటోంది."

"ఆ రోజు నేను దాని మొహం చూశాను. మీరు చెప్పింది అది నమ్మింది. ఇవాళ మీ తప్పని తేలింది కాబట్టి రమ్మంటోంది. తేలకపోయుంటే?"