బ్రేకు మీద కాలు

మా షెడ్డులో వానాకాలం మధ్యాహ్నాలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. రేకుల మీద వాన చప్పుడు, గోడవారగా నా కుట్టుమిషను, మధ్యలో ఆ వ్యాను. నేను బండ్లకి సీటు కవర్లు కుడతాను. మా ఆయన టింకరింగు పని చేసేవారు, అంటే సొట్టలు తీసి, తుప్పు తిన్న చోట కొత్త రేకు అతికేవారు. ఆయన అందరికీ టింకరు. నేను ఆయనకి టైలరమ్మని. పాతికేళ్ళ కాపురంలో నన్ను పేరు పెట్టి పిలిచిన గుర్తు లేదు.

ఆ వ్యాను పాత ఇనుప సామాన్ల యార్డులో దొరికింది. ఒకప్పుడు ఎవరో అందులోనే వండుకుని, పడుకుని, దేశాలు తిరిగినట్టున్నారు. లోపల మడత మంచం, చిన్న పొయ్యి గట్టు, కిటికీలకి కుళ్ళిపోయిన తెరలు ఉన్నాయి. డ్రైవరు సీట్లో ఓ కోడి గుడ్లు పొదుగుతోంది. ఆయన ఆ వ్యానుని తాడు కట్టి ఈడ్చుకొచ్చిన రోజు "నాకు సవతిని తెచ్చారు" అన్నాను. "సవతికి బట్టలు నువ్వే కుట్టాలి మరి" అన్నారు. కోడి పిల్లల్ని చేసేదాకా ఆగి, ఆ తర్వాతే పని మొదలుపెట్టారు.

పద్నాలుగేళ్ళు పట్టింది. పొట్టకూటి పని అయ్యాక మిగిలిన గంటల్లో చేసేదే కదా. నేల రేకు మొత్తం మార్చడానికే మూడేళ్ళు. ఒక్క కిటికీ అద్దం కోసం రెండేళ్ళు తిరిగారు. మంచం పరుపుకి నేను మూడుసార్లు కవరు కుట్టాను, మొదటి రెండూ బండి కదలకముందే వెలిసిపోయాయి. మా అమ్మాయి దాని మెట్టు మీద కూర్చుని అక్షరాలు దిద్దింది, అదే మెట్టు మీద కూర్చుని మెకానిక్కు పరీక్షకి చదివింది. ఎంతవరకు వచ్చిందని ఎవరైనా అడిగితే "ఇక బ్రేకులొక్కటే" అనేవారు ఆయన.

బ్రేకు గొట్టాల్లో చేరిన గాలి తీయాలంటే ఇద్దరు కావాలి. ఒకరు సీట్లో కూర్చుని పెడలు తొక్కాలి. ఇంకొకరు కింద పడుకుని చక్రం దగ్గర చిన్న మర తిప్పాలి, మళ్ళీ బిగించాలి. ఒకరికొకరు కనిపించరు. అంతా మాట మీదే. "నొక్కు" అంటే నొక్కాలి, "వదులు" అంటే కాలు తీయాలి. ఆ పాత మోడలుకి హ్యాండుబ్రేకు తీగ ఎక్కడా దొరకలేదు, అందుకని చక్రాల వెనక ఇటుకలు పెట్టేవాళ్ళం. కడిగిన నీళ్ళు బయటికి పోవాలని షెడ్డు నేల తలుపు వైపు కాస్త వాలుగా వేయించారు.

రెండేళ్ళ కిందట అలాగే కూర్చున్నాం. ఆయన వెనక చక్రం దగ్గర కింద, నేను సీట్లో. "నొక్కు" అన్నారు. నొక్కాను. కాసేపటికి "వదులు" అన్నారు. కాలు తీశాను. వ్యాను వెనక్కి జానెడు కదిలింది. అంతే, జానెడే. ఆయన మళ్ళీ లేవలేదు.

ఇటుక జారిందని అందరికీ చెప్పాను. అది అబద్ధమేమీ కాదు. కానీ ఆయన అన్న మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. కాలు తీయమన్నారా? లేక ఇటుక వదులుగా ఉందని చెప్పబోయారా? మాట పూర్తయిందా, మధ్యలోనే నేను కాలు తీసేశానా? ఆ గొంతు రోజూ చెవిలో మళ్ళీ మళ్ళీ విని చూసుకుంటాను, తేలదు. కాలు తీయమనే అని ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. ఆ ఒక్క ఆశ మీదే ఇన్నాళ్ళూ తిన్నాను, పడుకున్నాను.

మొన్న అమ్మాయి పట్టుబట్టింది. "నాన్న పని సగంలో ఉండిపోతే నాకు నిద్ర పట్టదమ్మా" అంది. వద్దని చెవినిల్లు కట్టుకుని పోరాను. వినలేదు, అచ్చం తండ్రి పోలిక. కొత్త ఇటుకలు తనే తెచ్చి పెట్టింది. రెండుసార్లు కాలితో తన్ని, "చూడు, కదిలితే ఒట్టు" అంది. మరి సీట్లో ఎవరు కూర్చోవాలి? నేనే కూర్చున్నాను. నా పిల్లని ఇంకొకరి కాలికి అప్పగించే ధైర్యం లేదు, నా కాలి మీద నాకు నమ్మకమూ లేదు.

ముందు చక్రాలు రెండూ బాగానే అయ్యాయి. "నొక్కమ్మా." "వదులమ్మా." ప్రతి మాటకీ అమ్మా తగిలించడం నా కూతురికి అలవాటు. తను వెనక చక్రం దగ్గరికి పాక్కుంటూ వెళ్ళేసరికి వాన పెద్దదైంది. కరెంటు పోయింది. సగం దించిన షట్టరు కింద నుంచి మసక వెలుగు, దాంతోపాటు జల్లు లోపలికి వస్తున్నాయి. నేలంతా తడి. బ్రేకు ఆయిలు వాసన, కొత్త రెక్సిను వాసన. కింద నుంచి టార్చి వెలుతురు అప్పుడప్పుడు గోడ మీదికి వచ్చి పోతోంది.

"నొక్కమ్మా."

నొక్కాను. మర బిగిసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏమీ వినిపించలేదు.

కాలు నొప్పెట్టడం మొదలైంది. వాన చప్పుడు దూరంగా జరిగినట్టయింది. ఆయిలు వాసనలోకి ఇంకో వాసన మెల్లగా వచ్చి చేరింది. కాలిన ఇనుము... చెమట... బుగ్గన పెట్టుకున్న లవంగం. ఆ వాసన పక్కన పాతికేళ్ళు పడుకున్నాను.

"వదులు..."

చివర 'అమ్మా' లేదు. ఆడగొంతు కాదు. నా వెనక నుంచి... కాదు, కింద నుంచి.

కాలు దానంతట అదే లేవబోయింది. మోకాలిని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను.

"ఏవండీ... ఏది వదులు? కాలు తీయమంటున్నారా... ఇటుకా?"

ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. గుండెల మీద ఏదో బరువున్నట్టు... లోపలికి వెళ్ళలేక, బయటికి రాలేక...

"చెప్పండి. రెండేళ్ళ నుంచీ అడుగుతున్నాను..."

"వదులు... టైలరమ్మా..."

"అమ్మా?" ఈసారి అమ్మాయి, కింద నుంచి, గుసగుసగా. "ఎవరితో మాట్లాడుతున్నావ్?"

"నువ్వు వదులు అన్నావా?"

"లేదే. ఇంకా మర చూస్తున్నా..."

"బయటికి రా."

"ఒక్క నిమిషం..."

"రా అన్నానా! ఇప్పుడే!"

పాక్కుంటూ వచ్చింది. తల... భుజాలు... నడుము. రెండో చెప్పు కూడా బయటికి వచ్చేదాకా నేను ఊపిరి తీయలేదు. తను లేచి, వెనక చక్రం మీద టార్చి వేసి, అలాగే ఉండిపోయింది.

"ఇటుకలు లేవమ్మా" అంది. "నీళ్ళకి జారి అంత దూరం పోయాయి. బండిని నీ కాలొక్కటే ఆపుతోంది."

అప్పుడు తెలిసింది. వదులుగా ఉన్నది ఇటుకే. ఇవాళా అదే, ఆ రోజూ అదే. నా కూతురు దక్కిందని సంతోషించాల్సిన నిమిషంలోనే, ఇన్నాళ్ళూ పట్టుకుని వేలాడిన ఆశ కాస్తా తెగిపోయింది. ఏడుపు ఆగలేదు. కాలు తీయకుండానే, ఆ సీట్లోనే చెప్పేశాను. "ఆ రోజు మీ నాన్న వదులు అన్నారే. నేను కాలు తీశాను."

తను మూలనున్న దుంగలు ఈడ్చుకొచ్చి చక్రాల వెనక ఒక్కొక్కటే తోసింది. తర్వాత నా దగ్గరికి వచ్చి మోకాలి మీద చెయ్యి వేసింది. ఆయిలు అంటిన చెయ్యి, చల్లగా ఉంది.

"నాన్న అన్న మాటే కదమ్మా నువ్వు విన్నావు" అంది.

ఎవరైనా ఈ ఒక్క మాట అంటే చాలని ఎన్నాళ్ళుగానో అనుకున్నాను. విన్నాక బరువేమీ దిగలేదు. దిగుతుందని ఇక అనుకోను కూడా.

"దిగమ్మా. ఇక కదలదు."

మెల్లగా కాలు తీశాను.

పెడలు పైకి రాలేదు.

అమ్మాయి వంగి చేత్తో లాగింది. రెండు చేతులతో లాగింది. స్ప్రింగు పట్టేసిందేమో అంది, తనకే నమ్మకం లేనట్టు. లవంగం వాసన ఇంకా అక్కడే ఉంది. నేను కిందికి దిగి, ఖాళీ అయిన సీటు వైపు తిరిగి, పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. "ఇక చాలండీ. అమ్మాయి బయటికి వచ్చేసింది. చూడండి, ఇక్కడే ఉంది."

పెడలు అలాగే ఉంది. ఇద్దరం చేతులు పట్టుకుని, వ్యాను పక్కనుంచి తలుపు వైపు నడిచాం. నేల మీది నీళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి. వెనక్కి తిరిగి చూశాను. బ్రేకు లైట్లు రెండూ వెలుగుతున్నాయి.

అమ్మాయి నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"అమ్మా..." అంది చెవిలో. "ఈ బండికి బ్యాటరీ ఇంకా కొననేలేదు."