పన్నెండు వోల్టుల తగాదా

ఐదు వోల్టుల దగ్గర ఉండాల్సిన పవర్ సప్లై, ఎవరూ తాకకుండానే పన్నెండుకి ఎగబాకింది. బల్ల మీది బోర్డు చిటపటమంటూ పొగ కక్కింది. నెలన్నర కష్టం క్షణంలో బుగ్గయిపోయింది.

ల్యాబులో అందరూ మౌనిబాబు అని పిలిచే ఆ ఇంజినీరు నోట రోజుకి నాలుగు మాటలు రావడమే గగనం. అలాంటివాడు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి పై గదిలోకి దూసుకెళ్ళాడు. సప్లైలకు కంప్యూటర్ నుంచి కమాండ్లు పంపేది అక్కడే. కొత్తగా చేరిన టెస్టింగ్ అమ్మాయి టైపు చేస్తూ కనిపించింది.

"నా సప్లైకి పన్నెండు వోల్టులు పెట్టింది మీరేనా?"

"మీదాని జోలికి నేనెందుకొస్తానండీ? నాదానికే 'వోల్ట్ 12' అని పంపాను. బుద్ధిగా పన్నెండు పెట్టానని జవాబు కూడా ఇచ్చింది."

"మరి మీ సప్లై ఎంత చూపిస్తోంది?"

ఆమె పక్కకి తిరిగి చూసింది. సున్నా.

"అయితే ఇంతసేపూ నేను మాట్లాడింది..."

"నాదానితో."

కమాండు ఏ సప్లైకి వెళ్ళాలో చెప్పే అడ్రసు చివర ఏడు కొట్టాల్సిన చోట ఒకటి కొట్టింది.

"అయ్యో! కాలిపోయిందా?"

"పొగ వచ్చింది."

"పొగేనా?"

"వాసన కూడా."

నవ్వు ఆపుకోలేక ఆమె పెదవి కొరుక్కుంది. అతనికి ఒళ్ళు మండాలి. మండలేదు. అదే అతనికి అంతుపట్టలేదు.

నెలలు నిండని పసికందుల్ని వెచ్చగా ఉంచే పెట్టె కోసం చేసిన బోర్డు అది. మూడు రోజుల్లో డాక్టర్లకి చూపించాలి. చేసిన తప్పుకి పరిహారంగా ఆమె కింద గదికి దిగివచ్చి, అతని పక్కనే కూర్చుని కొత్త బోర్డుకి టంకం వేసింది. చేతులెంత ఆడాయో, నోరు అంతకు రెండింతలు ఆడింది. అతను విన్నాడు. విన్నకొద్దీ ఇంకా వినాలనిపించింది.

కొత్త బోర్డు డాక్టర్లకి నచ్చింది. వాళ్ళని సాగనంపి వచ్చిన ల్యాబు పెద్ద, అంటే ఆమె సొంత బాబాయి, బోర్డుని తిప్పి చూశాడు.

"ఇది పాతది కాదే! అదేమైంది?"

"నా చేతుల్లో కాలిపోయింది సార్," అన్నాడు మౌనిబాబు.

"అబద్ధం బాబాయ్! కాల్చింది నేను. ఈయన తప్పు నెత్తినేసుకుంటున్నారు."

"ఆవిడ మాట నమ్మకండి సార్."

"ఎవరిది తప్పో ముందు మీరిద్దరూ తేల్చుకుని ఏడవండి!" అని కసిరాడు పెద్దాయన.

"తప్పు సంగతి తర్వాత సార్. మీ అమ్మాయంటే నాకిష్టం. పెళ్ళి చేసుకోవాలనుంది."



"ఆ మాట ముందు నాకు కదండీ చెప్పాలి!" అంది ఆమె.

"మీరు గుక్క తిప్పుకుంటే చెబుదామని మూడు రోజులుగా చూస్తున్నాను."

ఆమె నోరు తెరిచింది. మాట రాలేదు. చెవులదాకా ఎర్రబడి, అవునన్నట్టు తలాడించింది.

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది పుట్టాక నోరు మూసుకోవడం ఇవాళే చూశానయ్యా. మా అన్నయ్యని నేను ఒప్పిస్తాలే."