మెరూన్ జాకెట్టు

అమలాపురంలో యశ్వంత్ నడిపే మ్యాచింగ్ సెంటర్‌లోకి వీరవేణి గొడుగైనా ముడవకుండా దూసుకొచ్చి, దారపు రీలు కౌంటర్ మీద ఠపీమని పెట్టింది.

“ఏవండీ, మెరూన్ బిట్టు చూపించి దారం అడిగితే ఆకుపచ్చ ఇచ్చేరేంటండి? ఎగతాళా?”

యశ్వంత్ రీలు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఊళ్ళో పేరున్న టైలరు, పైగా ఆర్నెల్లుగా తన మనసు కాజేసిన పిల్ల. పోయి పోయి ఈమె దగ్గరే దొరికిపోవాలా! రోజూ బిట్టు చూసి రంగు చెప్పేది పక్కన కూర్చునే తల్లి సావిత్రి. ఆవిడ నిన్న కాట్రేనికోన చుట్టాలింటికి వెళ్ళింది. వీడేమో ‘రేపు రండి’ అనడానికి నామోషీ పడి, చేతికందింది పొట్లం కట్టి ఇచ్చేశాడు.

“కొత్త ఫ్యాషనండి,” నవ్వబోయాడు.

“పెళ్ళికూతురి జాకెట్టుకా అండీ ఫ్యాషను? సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ఇంక మీ కొట్టు గుమ్మం తొక్కితే ఒట్టండి!”

యశ్వంత్ ప్రాణం ఉసూరుమంది. ఈమె రాకపోతే ఎలా? పోనీ నిజం చెబితే మాత్రం వస్తుందా? కిందటేడు ఓడలరేవు సంబంధం వాళ్ళు ఈ సంగతి తెలిసే తప్పుకున్నారు. అయినా చెప్పేశాడు.

“నాకు పుట్టుకతోనే ఎరుపూ ఆకుపచ్చా ఒక్కలా కనిపిస్తాయండి.”

వీరవేణి కళ్ళింతలు చేసుకుని చున్నీ ఎత్తి చూపించింది.

“అయితే ఇదేం రంగండి?”

“చెప్పగానే అందరూ ఇదే అడుగుతారండి.”

ఆమె నాలిక కరుచుకుంది. కోపం ఎటుపోయిందో, సంచిలోంచి వెల్వెట్ జాకెట్టు తీసి కౌంటర్ మీద పరిచింది.

“పోన్లెండి, దారం నేనే వెతుక్కుంటాను.”

“జాకెట్టు కుడి చెయ్యి ముదురుగా ఉందేంటండి?” అన్నాడు యశ్వంత్.

“రెండూ ఒకే గుడ్డండి బాబూ! రంగులు తెలీవన్నారుగా?”

“రంగు తెలీదు గానీ ముదురూ లేతా తెలుస్తాయండి. ఓసారి నిమిరి చూడండి.”

నిమిరింది. ఎడమ చేతి వెల్వెట్ నూగు కిందకి వాలి ఉంది, కుడి చేతిది పైకి. గుడ్డ తిరగేసి కత్తిరించేసింది! పెళ్ళి లైట్ల కింద రెండు చేతులూ రెండు రంగుల్లో కనిపించేవి.

“అమ్మ బాబోయ్! మూడ్రోజులుగా కుడుతున్నా, నా కళ్ళకి ఆనలేదండి. ఊరంతా నవ్విపోదురు!”

మిగిలిన గుడ్డతో అప్పటికప్పుడు చెయ్యి మార్చింది. ఒట్టు సంగతి ఇద్దరూ ఎత్తలేదు. ఆ తర్వాత పని ఉన్నా లేకపోయినా కొట్టుకొస్తూనే ఉంది. తిరిగొచ్చిన సావిత్రి వారం రోజులు గమనించి, ఓ ముసురు సాయంత్రం సూటిగా అడిగేసింది.

“మావాడి కళ్ళ సంగతి తెలుసా అమ్మా?”

“తెలుసండి. రంగులు నేను చూసుకుంటానండి.”

“అయితే మీ నాన్నగారితో మాట్లాడమంటావా?”

“ఆయ్,” అంది వీరవేణి తలొంచుకుని.

యశ్వంత్ గబుక్కున లైనింగ్ తానుల చాటుకు తప్పుకున్నాడు. వీరవేణి తొంగిచూసి పకపకా నవ్వింది.

“మీ మొహం ఎర్రబడిందండి!”

“నాకేం తెలుస్తుందండీ,” అన్నాడు యశ్వంత్. “మీరన్నారంటే అదే నిజం.”