పాస్ అనకూడని చోట

"ఎడమ కన్ను మూసుకో. కింది వరస చదువు."

కళ్ళజోళ్ళ షాపు వెనక చీకటిగదిలో కాటా ఎడమ కన్ను మూసుకున్నాడు. గోడకున్న అట్ట మీద పై వరసల్లో మామూలు అక్షరాలే. చివరి వరసలో మాత్రం ఒక క్లబ్బు పేరు, మధ్యాహ్నం రెండు గంటలు, నాలుగో బల్ల అని సన్నగా రాసి ఉంది.

"కనబడింది సార్."

"అయితే నీకు అద్దాలు అక్కర్లేదు," అంటూ పెద్దాయన అట్ట తిరగేశాడు.

డిపార్ట్‌మెంట్‌లో ఆయన్ని అందరూ పెద్దాయన అనే అంటారు. కాటా ఒకప్పుడు మిరియాల వ్యాపారి. బస్తాని కాలితో ఒకసారి నెట్టి బరువెంతో చెప్పేసేవాడు కనక ఆ పేరు నిలిచిపోయింది. ఈ గూఢచారి పనిలోకి వచ్చాక మనుషుల్ని తూస్తున్నాడు. ఒకటే తేడా. ఇక్కడ తూకం తప్పితే సరుకు వాపసు రాదు.

ఈసారి తూకంలో ఉన్నది సొంత బావమరిది. పరదేశపు ముఠాలో కోడ్ గుమాస్తాగా చేరి, మూడేళ్ళు మనవాళ్ళ కోసం పనిచేసి, నిన్న ముఠా మనుషుల పేర్లన్నీ జేబులో పెట్టుకుని పారిపోయి వచ్చాడు. ఊళ్ళో ఎక్కడ దాక్కున్నాడో కాటాకీ పెద్దాయనకీ తప్ప ఎవరికీ తెలియదు. అతన్ని సరిహద్దు దాటించే కాగితాలున్నది మాత్రం ఒక మహిళా ఏజెంట్ దగ్గర. సాయంత్రం నాలుగూ నలభై రైలు. ఆ లోపల కాటా ఆమెకి చోటు చెప్పాలి, ఆమె వెళ్ళి అతన్ని రైలెక్కించాలి.

"ఇంత సులువైతే నన్నెందుకు పిలిచారు?"

పెద్దాయన లెన్సుల పెట్టె మూశాడు. మూడు నెలల్లో మనవాళ్ళిద్దరు పట్టుబడ్డారనీ, ఆ రెండుసార్లూ దారి చూపించింది ఆమేననీ చెప్పాడు. అమ్ముడుపోయిందో, ఆమె పేరుతో ఇంకెవరో తిరుగుతున్నారో తెలియదు. ఫోటో లేదు. నిజమైన మనిషి బ్రిడ్జ్ ఛాంపియన్ అన్నదొక్కటే ఆధారం.

"పాస్‌వర్డ్ ఎవరైనా బట్టీ పడతారు. ఆట బట్టీకి రాదు. ఆమె ఓవర్‌కాల్ చేసేదాకా ఆగు. నీ జవాబు ఎలా అందుకుంటుందో చూడు."

కాటాకి అర్థమైంది. ఎదుటివాడు ఒక రంగు పలికి బేరం మొదలుపెడతాడు. మన పార్టనర్ మధ్యలో దూరి తన రంగు పలుకుతుంది. అది ఓవర్‌కాల్. మన చేతిలో బలం కొంచెమే ఉంటే ఆమె రంగునే ఒక మెట్టు పెంచి ఊరుకుంటాం. గట్టి బలం ఉంటే ఎదుటివాడి రంగే పలుకుతాం. ఆ రంగు కావాలని కాదు. 'నీ రంగుకి నా దగ్గర మంచి సరుకుంది, ఎంత దూరం పోదామో చెప్పు' అని దాని అర్థం. దాని మీద పార్టనర్ పాస్ అనకూడదు. అంటే వాడి రంగులో మనం ఆడాల్సి వస్తుంది.

పెద్దాయన రెండు పెన్సిళ్ళు ఇచ్చాడు. రెండింటి పొట్టలోనూ చుట్టిన కాగితం. ఎర్రదాంట్లో బావమరిది ఉన్న లాండ్రీ అడ్రసు. నీలందాంట్లో ఒక కోల్డ్ స్టోరేజీ అడ్రసు, అక్కడ మన మనుషులు కాచుకుని ఉంటారు.

"ఏది ఇవ్వాలో నీ ఇష్టం. బావమరిది కూడా నీ వాడే."

రెండు గంటలకి నాలుగో బల్ల దగ్గర నలుగురూ కూర్చున్నారు. కాటా మిరియాల వ్యాపారినని చెప్పుకున్నాడు. కాటాకి ఎదురుగా పార్టనర్, చెవులకి పెద్ద ముత్యాలు, నవ్వితే పక్క బల్లలవాళ్ళు కూడా ముక్కలు మరిచిపోయేంత అందం. ఎడమపక్క ఒక పళ్ళ డాక్టరు, ఈ ఊరికి కొత్త. కుడిపక్క క్లబ్బు సెక్రటరీ, ఆటంటే నియమనిష్ఠలున్న ముసలాయన.

"ఈ కుర్చీకి ఒక కాలు పొట్టిది," అంది ముత్యాలావిడ.

"బల్ల మంచిదే లెండి," అన్నాడు కాటా.

పాస్‌వర్డ్ కుదిరింది. కానీ ఓవర్‌కాల్ రాదే. మొదటి ఆట, రెండో ఆట, ఐదో ఆట. గోడ గడియారం మూడు దాటింది. లాండ్రీ వెనకగదిలో దుప్పట్ల మూటల మధ్య బావమరిది ఈపాటికి ఎన్ని సిగరెట్లు తగలేశాడో. ఎవరి తలుపు చప్పుడైనా లేచి నిలబడే రకం వాడు. అక్క పెళ్ళినాడే పెళ్ళికూతురికంటే ఎక్కువ ఏడ్చాడు.

అంతకుముందు నాలుగో ఆటలో ముత్యాలావిడ పోయిందనుకున్న పట్టు ఒకటి డాక్టరు ముక్కు కింద నుంచి లాక్కొచ్చింది. ఇరవై ఏళ్ళు ఆడనిదే ఆ చెయ్యి రాదు. డాక్టరు మాత్రం పుస్తకం చదివి ఈత దిగినవాడిలా ఆడుతున్నాడు. ప్రతిసారీ తన ముక్కల్ని వేలితో లెక్కపెట్టుకుంటాడు.

మూడూ ఇరవైకి వచ్చింది ఆ ఆట.

"ఒక ఆఠీన్," అన్నాడు డాక్టరు.

"ఒక ఇస్పేట్," అంది ముత్యాలావిడ.

సెక్రటరీ పాస్. కాటా ముక్కలు చూసుకున్నాడు. ఇస్పేట్ రాజు, జాకీ, డైమన్ ఆసు, రాజు, కళావర్ రాణి. పదమూడు పాయింట్లు. ఆఠీన్లు రెండే, రెండూ చిల్లర ముక్కలు. దేవుడే తూచి పంచినట్టుంది.

"రెండు ఆఠీన్లు."

డాక్టరు పళ్ళన్నీ కనబడేలా నవ్వి పాస్ అన్నాడు. ముత్యాలావిడ ముక్కల వంక ఒకసారి, కాటా వంక ఒకసారి చూసింది. చెవి ముత్యాన్ని వేలితో తాకింది.

"పాస్."

సెక్రటరీ కూడా, నమ్మలేక కళ్ళజోడు సర్దుకుని, పాస్ అన్నాడు. బేరం ముగిసింది. డాక్టరు మొదటి ముక్క వేశాడు. బేరం గెలిచినవాడి పార్టనర్ డమ్మీ కనక ఆమె తన పదమూడు ముక్కలూ బల్లమీద పరిచింది.

నకిలీ మనిషే, నీలం పెన్సిలే అనుకుంటూ ఆ ముక్కల్ని చూసిన కాటా ఆగిపోయాడు. ఆసు, రాణితో మొదలయ్యే ఐదు ఇస్పేట్లు. కళావర్ ఆసు, రాజు. డైమన్ రాణి, జాకీ. పదహారు పాయింట్లు. ఆఠీన్ ఒక్కటంటే ఒక్కటి. ఆటరాని మనిషైనా, ఇంత సరుకు చేతిలో పెట్టుకుని, తన రంగు వదిలేసి, ఒక్క ముక్క ఉన్న రంగులో ఆగిపోతుందా? మళ్ళీ ఇస్పేట్లు అని ఉండేది. ఇది తెలియక చేసిన పని కాదు. తెలిసి, అతనొక్కడికీ కనబడేలా చేసిన తప్పు. ఆపు. నాకు నిజం చెప్పకు. ఇక్కడ వింటున్నారు.

అంతలో సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు.

"ఏమ్మా, ఇరవై మూడేళ్ళుగా ఈ క్లబ్బులో ఉన్నాను. ఆయన రెండు ఆఠీన్లు అన్నారంటే దానర్థం..."

డాక్టరు తలెత్తాడు. ఊరికి కొత్త, ఆటకీ కొత్త, వినడానికి వచ్చినవాడు వాడే. ఆ అర్థం వాడి చెవిన పడితే, ఆమె కావాలనే ఆగిందని వాడికీ తెలిసిపోతుంది.

"దానర్థం నాకు బుద్ధి లేదని సార్," అన్నాడు కాటా, గబగబా. "డైమన్లు ఆఠీన్లలా కనబడ్డాయి. పొద్దున్నే కళ్ళ పరీక్ష చేయించుకున్నా. అద్దాలు అక్కర్లేదన్నాడు వాడు."

"మిరియాలు అమ్ముకునేవాళ్ళకి బ్రిడ్జ్ ఎందుకండీ," అన్నాడు డాక్టరు, తురుపులు ఒక్కొక్కటే బల్లకేసి కొడుతూ. ఆరు పట్టులూ వాడివే. మిగతా ఏడూ కాటావి. రెండు పలికినందుకు ఆరు కలిపి కావలసినవి ఎనిమిది. సెక్రటరీ ఆ చెత్త ఆట చూడలేక మొహం తిప్పుకున్నాడు. కాటా తలవంచుకుని స్కోరు రాశాడు, నీలం పెన్సిల్‌తో. రాసి, ఆ పెన్సిల్ ఆమె ముందుకి దొర్లించాడు.

ఆమె దాన్ని తీసుకున్న తీరులో, సరైన కొలత ఇచ్చినందుకు తలూపినట్టు ఏదో ఉంది.

నాలుగింటికల్లా ముత్యాలావిడా డాక్టరూ అతని కారెక్కారు. కాటా వెనక గుమ్మంలోంచి లాండ్రీకి పరిగెత్తాడు. మూటల మధ్య నుంచి బావమరిది తల పైకి లేచింది.

"ఇంత ఆలస్యమా బావా? అక్కకి ఏం చెబుదామనుకున్నావు?"

"నడువు. తిట్లు రైల్లో తిడుదువుగాని."

"కాగితాలేవి?"

కాటా అతని చెయ్యి పట్టుకుని వీధిలోకి లాగాడు. కోల్డ్ స్టోరేజీలో ఏం జరిగిందో, ఆమె బతికి ఉందో లేదో తెలియదు. కాగితాల్లేకుండా రైలెక్కితే సరిహద్దులో బావమరిదిని ముఠా చేతికి అప్పజెప్పినట్టే. ఎక్కకపోతే ఈ ఊళ్ళో రేపటిదాకా దాచలేడు.

నాలుగూ ముప్ఫై ఎనిమిది. గార్డు జెండా విప్పాడు. బావమరిది మెట్టు మీద ఒక కాలు, ప్లాట్‌ఫారం మీద ఒక కాలు పెట్టి, అక్కకి చెప్పాల్సిన మాటలు కాటాకి అప్పజెబుతున్నాడు. ఇంజను కూసింది. రైలు కదిలింది.

ప్లాట్‌ఫారం చివర్నుంచి ఒక కాలికే చెప్పుతో ముత్యాలావిడ పరిగెత్తుకొచ్చింది. చెవులు బోసిగా ఉన్నాయి. పౌడరు డబ్బీ అద్దం గోటితో పీకి, దాని వెనకున్న కాగితాలు పెట్టె తలుపులోకి విసిరింది. బావమరిది గాల్లో పట్టుకున్నాడు.

ముఠా తనను మూడు నెలల కిందట పట్టుకుందనీ, అప్పట్నుంచి రెండు వైపులా ఆడుతున్నాననీ, ఆ ఇద్దరూ తన వల్లే పోయారనీ ఆమె ఆయాసంతోనే చెప్పింది. ఇవాళ చెవిలో ముత్యమే వాళ్ళ మైకు. మాట్లాడటానికి లేక పాస్ అంది. డాక్టరు కోల్డ్ స్టోరేజీలో చేతులు కట్టించుకుని కూర్చున్నాడు.

"నాకు పడే శిక్ష పడనివ్వండి. కానీ ఆరు ఇస్పేట్లు, పదమూడింటిలో పన్నెండు పట్టులు, వచ్చేవండీ," అంది. "మీరు రెండు ఆఠీన్లు అనగానే కళ్ళకి కట్టాయి. పాస్ అనేటప్పటికి ప్రాణం పోయింది."

రైలు కిటికీలోంచి బావమరిది అరిచాడు. "బావా, ఆట గెలిచావా?"

"ఒక్క పట్టు తక్కువైంది!"

"నువ్వాడితే అంతే!"

ఆ సాయంత్రం కాటా రిపోర్టు రాశాడు. ముత్యాలు, పెన్సిళ్ళు, కోల్డ్ స్టోరేజీ, అన్నీ రాశాడు. స్కోరు మాత్రం రాయలేదు. పెద్దాయన డబుల్ ఏజెంటునైనా క్షమిస్తాడేమో గాని, ఆరు ఇస్పేట్లు వదులుకున్నవాణ్ణి క్షమించడు.