వీసా ఫారంలో పెళ్ళాం

ఆ కాగితం చదివే వేళకు శివపార్వతి చేతిలో చీపురుంది. పెంచల్ అదృష్టం అంత బాగోలేదు మరి.

“ఏంది ఇది?”

“వీసా ఫారం జిరాక్సు. గ్రీసుకు పోవాలంటే ఫారం నింపరా?”

“అంతమాత్రం నాకూ తెలుసు, టెన్త్ పాసైనా. ఇదో ఈడ, నా పేరు పక్కన ‘వైఫ్ ఆఫ్ పెంచల్’ అని ఎవురు రాసినారు?”

పెంచల్ కారు అద్దం తుడవడంలో మునిగిపోయాడు. అప్పటికే మూడుసార్లు తుడిచిన అద్దమది.

“బాబా రాయించినాడు. ఒంటరి ఆడపిల్లకు ఎంబసీవాళ్ళు వీసా ఇయ్యరంట. మొగుడూ పెళ్ళాలైతే ఇస్తారంట. కాగితం మీదనే గదా, దానికేమి?”

“కాగితం మీద కూడా ఒక్కదినం నీకు పెళ్ళాంగా ఉండను. తెలిసిందా పెంచలూ!”

ఆ ‘పెంచలూ’ కువైట్‌లోని సల్వా పేటలో ఆ వీధి చివరిదాకా వినబడింది. ఎదురింటి గోడమీద పడుకున్న పిల్లి లేచి వెళ్ళిపోయింది. శివపార్వతి కాగితాన్ని నిలువునా రెండు ముక్కలు చేసి, కారు బానెట్ మీద పడేసి, లోపలికి పోయింది. ముక్కలు రెండూ గాలికి ఎగిరిపోకుండా పెంచల్ అరచేత్తో అదిమిపట్టుకున్నాడు.

అది తొంభయ్యో సంవత్సరం జూలై నెల. ఆ ఇంటి యజమానిని పనివాళ్ళు బాబా అనీ, ఆయన భార్యను మామా అనీ పిలుస్తారు. వాళ్ళకు గ్రీసు దేశంలో ఒక తెరచాప యాట్ ఉంది. ప్రతి ఆగస్టులో దాని మీద అక్కడి దీవులన్నీ తిరుగుతారు. పోయిన ఏడాది తాళ్ళు లాగడానికి డ్రైవర్ పెంచల్‌ను తీసుకుపోయారు. ఈసారి పిల్లల పని చూడటానికి శివపార్వతి కూడా రావాలన్నారు. వాళ్ళు ముందుగా లండన్ వెళ్ళారు. పనివాళ్ళిద్దరూ ఆగస్టు నాలుగున విమానమెక్కి నేరుగా గ్రీసుకు రావాలి. వీసాలు పడిన పాస్‌పోర్టులు, టికెట్లు పెంచల్ దగ్గరే పెట్టి వెళ్ళారు.

పక్కింటి వంటమనిషి పెద్దక్కకు ఈ తగువు గురించి తెలిసి, ముక్కు మీద వేలేసుకుంది. పెద్దక్కదీ, శివపార్వతిదీ రైల్వే కోడూరు. కువైటుకు వచ్చి పదేళ్ళయింది కాబట్టి ఆ వీధి తెలుగువాళ్ళందరికీ ఆమే పెద్ద దిక్కు.

“కాగితం ఎందుకు చించితివే?”

“నా ఇష్టం.”

“అది సరే. బాలసుబ్బయ్యను అన్నా అంటావు. ఖాసిం వలిని అన్నా అంటావు. ఈ వీధిలో కారు తోలే ప్రతివాణ్ణీ అన్నా అంటావు. నీ కంటే మూడేండ్లు పెద్దోడు, ఆ పెంచల్‌ను ఒక్కనాడన్నా అన్నా అన్నావా?”

“వాని మొగానికి అన్నా ఒకటి తక్కువ!”

“అదే నేనూ అనుకుంటాండా,” అంది పెద్దక్క, ఎటో చూస్తూ.

కోపం కోపమే గానీ శివపార్వతి పెట్టె సర్దుకుంది. కొత్త చీరలు రెండు, టోపీ ఒకటి, రెండు కిలోల చెనిక్కాయల పొడి. యాట్ నడిపే గ్రీకు కెప్టెన్‌కు పోయిన ఏడాది పెంచల్ తీసుకుపోయిన పొడి తెగ నచ్చిందట.

ఆగస్టు రెండు, గురువారం. తెల్లారేసరికి ఇరాక్ ట్యాంకులు కువైట్‌లో ఉన్నాయి. ఎయిర్‌పోర్టు మూసేశారు. ఫోన్లు మూగబోయాయి. గ్రీసుకు సర్దిన పెట్టెలు హాల్లో అట్లాగే నిలబడి ఉన్నాయి.

పక్కింటివాళ్ళు సౌదీకి పారిపోతూ పెద్దక్క పాస్‌పోర్టు ఆమె చేతిలో పెట్టి పోయారు. ఆమె మూట పట్టుకుని శివపార్వతి దగ్గరికి వచ్చేసింది. ఆడవాళ్ళిద్దరూ ఇంట్లో, పెంచల్ గేటు పక్క తన గదిలో. ఆ వీధిలో చాలామంది పాస్‌పోర్టులు కఫీళ్ళ, అంటే పనిలో పెట్టుకున్న యజమానుల, బీరువాల్లో ఇరుక్కుపోతే, గ్రీసు పుణ్యమా అని పెంచల్‌దీ, శివపార్వతిదీ చేతిలో ఉన్నాయి.

ఇక రోజూ పొద్దున ఖుబ్జు రొట్టెల కోసం బేకరీ ముందు వరస. ఆడవాళ్ళ వరస వేరు, మగవాళ్ళ వరస వేరు, కానీ రెండూ పక్కపక్కనే. పెద్దక్క ముందు, శివపార్వతి వెనుక. పెంచల్ ఎట్లా చేసేవాడో గానీ, ఎన్ని గంటలకు వచ్చినా సరిగ్గా ఆమె పక్కకే చేరేవాడు. తుపాకులు పట్టుకున్న సైనికులు అటూ ఇటూ తిరుగుతుంటే అందరికీ గుండెలు దడదడలాడేవి. ఆ దడ పోవడానికి అతను గ్రీసులో చూసొచ్చిన పారోస్ దీవి కథ చెప్పేవాడు.

“నిన్న యాడ ఆపినా?”

“పడవ పక్కకు ఒరిగింది. నువ్వు వాంతి చేసుకున్నావు. ఆడ.”

“నేను కాదు, మామా చేసుకున్నది.”

“నువ్వేనని నిన్న నీ నోటితోనే చెప్పినావు.”

“సరేలే, ఇద్దరం. దీవిలో దిగంగానే ఏం కనపడ్తాదో తెలుసా? తాడు మీద ఎనిమిది కాళ్ళ చేపలు ఆరేసింటారు, మనం బట్టలు ఆరేసినట్టు.”

“ఆ, పచ్చి అబద్ధం.”

“దేవుని తోడు! గాలికి కాళ్ళు ఊగుతాంటాయి. ఇండ్లన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా, తలుపులు నీలంగా. సందులెంత సన్నగా ఉంటాయంటే, ఎదురుగ్గా నువ్వొచ్చినావనుకో, నేను పక్కకు తిరిగి నిలబడాల.”

“నేనే వెనక్కి పోతా.”

“నీ వెనక గాడిద ఉంటాది.”

“నా ముందర ఇంకోటుంటాదిగా!”

పెద్దక్క దగ్గు ఆపుకోలేక దగ్గినట్టుగా దగ్గింది. అదే సమయానికి పై అంతస్తు ఏసీలోంచి నీళ్ళు టపటపా శివపార్వతి తలమీద పడ్డాయి. కువైట్‌లో ఆగస్టు నెలలో కురిసే వాన అదొక్కటే. పెంచల్ తన టోపీ తీసి ఇవ్వబోయాడు. ఆమె కళ్ళెత్తి చూసింది. ఆ చూపుకు అతను టోపీ ఇవ్వడం మర్చిపోయి, తన నెత్తి మీదే మళ్ళీ పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక ఖుబ్జులో చెనిక్కాయల పొడి అద్దుకుని ముగ్గురూ తిన్నారు. గ్రీకు కెప్టెన్‌కు చేసిన పొడి కాబట్టి కారం తక్కువైందని పెంచల్ వంక పెట్టాడు. రేపటి నుంచి నీకు పొడి లేదు అంది శివపార్వతి. మర్నాడు మాత్రం అతనికే ఎక్కువ వేసింది.

మూడో వారంలో ఒకనాడు బేకరీ వెనకాల తుపాకులు పేలాయి. వరసలు రెండూ చెల్లాచెదురయ్యాయి. “పట్టుకో, నా చెయ్యి పట్టుకో!” అని అరుస్తూ పెంచల్ దూకి ఒక చెయ్యి దొరకబుచ్చుకుని పరుగెత్తాడు. రెండు వీధులు దాటి, ఒక ప్రహరీ చాటున ఆగి, “భయపడాకు, నేనుండా,” అంటూ తిరిగి చూశాడు.

పెద్దక్క ఆయాసపడుతూ నిలబడి ఉంది.

“నువ్వు పట్టుకోవాల్సింది నన్ను కాదు నాయనా,” అంది ఆమె రొప్పుతూ.

చెప్పులు రెండూ చేతిలో పట్టుకుని శివపార్వతి వెనకే పరుగున వచ్చింది. పెంచల్ మొహం చూసింది, పెద్దక్క మొహం చూసింది. ప్రాణం పోతుందనుకున్న ఆ క్షణంలో ఆమెకు నవ్వు తన్నుకొచ్చింది. గోడకు ఆనుకుని నవ్వింది, కూర్చుని నవ్వింది, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ నీళ్ళలో ఎన్ని నవ్వువో, ఎన్ని అతను బతికున్నందుకు వచ్చినవో ఆమెకే తెలియలేదు.

సెప్టెంబరులో కబురొచ్చింది. ఇండియావాళ్ళ కోసం ఓడ వస్తోంది. సాల్మియాలోని ఒక స్కూల్లో పేర్లు రాస్తున్నారు. పెట్టెలకు తాళ్ళు కట్టాడు పెంచల్.

“ఇదేం ముడి? మా నాయన ఇట్లా కట్టడే,” అంది శివపార్వతి.

“గ్రీకు కెప్టెన్ నేర్పినాడు. తెరచాపకు కట్టేది. గాలి ఎంత లాగినా జారదు. పని అయిపోయినాక మాత్రం ఒక్క వేలితో ఊడొస్తాది. సూడు.” వేలితో ఇట్లా నెట్టాడు. ముడి విడిపోయింది.

ఆమె ఆ తాడు వంక చూసింది. ఇంత తేలిగ్గా విడిపోతే అదేం ముడి అనుకుంది.

స్కూలు వరండాలో బల్ల వేసుకుని ఖాజా హుస్సేన్ రాస్తున్నాడు. కడప మనిషి. దజీజ్ పేటలో ఒక గోడౌన్లో గుమస్తా. తెలుగువాళ్ళందరూ వెళ్ళాకే తను ఓడ ఎక్కుతానని కూర్చున్నవాడు. ముందు పెద్దక్క పేరు రాసుకున్నాడు. తర్వాత పెంచల్ తెచ్చిన ప్లాస్టిక్ కవరు విప్పి, పాస్‌పోర్టుల మధ్యలోంచి ఒక కాగితం తీశాడు. నిలువునా చిరిగి, నల్లని కరెంటు టేపుతో అతికించిన కాగితం.

శివపార్వతి గుర్తుపట్టింది. చించింది తనే కదా! దీన్ని ఇన్నాళ్ళూ దాచిపెట్టాడా?

“మియా బీబీనా? మంచిదైంది,” అన్నాడు ఖాజా హుస్సేన్. “ఫ్యామిలీలకే ముందు. బేస్తవారం బస్సు, ఆణ్ణించి ఓడ. ఒంటరి ఆడోళ్ళూ దాంట్లోనే. ఒంటరి మగోళ్ళకే ఇంకా తారీఖు లేదు. నెల పట్టచ్చు, మూడు నెల్లూ పట్టచ్చు. అల్లాకు ఎరుక.”

పెన్ను కాగితం మీద ఆనించాడు.

“రాయొద్దండీ సార్,” అన్నాడు పెంచల్.

శివపార్వతి గిరుక్కున తిరిగింది.

“మాకు పెండ్లి కాలేదు సార్. ఆ ఫారం అబద్ధం. బాబా కూడా రాయించలేదు.” ఇప్పుడతను చూస్తున్నది ఖాజా హుస్సేన్‌ను కాదు, ఆమెను. “ఈసారి గ్రీసుకు వేరే పిల్లను తీసకపోతామన్నారు. మాకు పెండ్లి ఖాయమైందని బాబాతో నేనే చెప్పినా. ఫారం నేనే రాయించినా. ఆ సందులు, ఆ నీలం తలుపులు... పోయినేడు ఒక్కణ్ణే చూసినా. ఒక్కడే చూసేదాంట్లో ఏముండాది? ఈ పిల్లకు సూపించాలనుకున్నా. అడగకుండా పేరు రాయడం తప్పే. ఇప్పుడు మళ్ళా దాన్నే వాడుకుని ఓడెక్కితే రెండో తప్పు. నా పేరు మగోళ్ళ లిస్టులో రాసుకోండి.”

శివపార్వతికి ముందు కోపం వచ్చింది. తర్వాత అది ఎటు పోయిందో వెతికినా దొరకలేదు. ఈ ఊళ్ళో ఇతను మూడు నెలలు ఒక్కడే ఉంటాడు. రొట్టెల వరసలో పక్కన ఎవరూ లేకుండా నిలబడతాడు.

“నిజమేనా అమ్మా?” ఖాజా హుస్సేన్ కళ్ళద్దాలు పైకి తోశాడు. “నువ్వు చెప్పు. ఎవురి మొగమాటమూ వద్దు. ఈయన నీకేమైతాడు? పేరేంది?”

పెంచలూ! సల్వాలో ప్రతి గోడకూ వినిపించిన పేరు. పిల్లులను లేపిన పేరు. రెండేళ్ళుగా రోజుకు ఇరవైసార్లు అరిచిన పేరు.

శివపార్వతి కొంగు భుజం చుట్టూ తిప్పుకుంది. చెవుల దాకా ఎర్రబడింది.

“ఆ పేరు నేనెట్లా చెప్పేది సార్?” అంది నేల చూస్తూ. “ఫారంలో రాసుంది గదా. చూసుకోండి.”

మొగుడి పేరు నోటితో చెప్పని ఆడవాళ్ళ మధ్య పెరిగిన కడప మనిషికి అంతకంటే ఏం చెప్పాలి! ఖాజా హుస్సేన్ ఫక్కున నవ్వాడు. వెనక వరసలో బాలసుబ్బయ్య ఈల వేశాడు. పెంచల్ మాత్రం అర్థం కానట్టు నిలబడ్డాడు.

“నా మీద జాలిపడి చెప్పాకు,” అన్నాడు మెల్లగా.

“జాలా? నీ మీదనా? అబద్ధాలకోరు మొగానికి జాలి కూడానా?” ఆమె తల ఎత్తింది. కళ్ళు నవ్వుతున్నాయి. “గాడిద ముందర నిలబెట్టి సందులో దోవ ఇస్తానంటివే, ఆ దోవ నాకు చూపించవా?”

“ఖలాస్! రాసేసినా,” అన్నాడు ఖాజా హుస్సేన్. “బేస్తవారం.”

“మీరు రాస్తే అయిపోయిందా సార్?” పెద్దక్క ముందుకొచ్చింది. “దీనెమ్మకు నేనేం జవాబు చెప్పాల? పసుపుకొమ్ము కట్టకుండా ఈ పిల్లను బస్సు ఎక్కనిస్తానా?”

గురువారం పొద్దున, బస్సు ఇంజను గుర్రుమంటుండగా, ఆ స్కూలు వరండాలోనే పెళ్ళి. శివపార్వతి గ్రీసులో కట్టుకోవాలని కొన్న చీర కట్టుకుంది. మామా వంటింటి డబ్బాలో దొరికిన పసుపుకొమ్ముకు పెద్దక్క పసుపు రాసిన దారం కట్టి తెచ్చింది. ఖాజా హుస్సేన్ తలంబ్రాలకు గుప్పెడు బాస్మతి బియ్యం పట్టుకున్నాడు. పేర్లు రాయించుకోవడానికి వచ్చినవాళ్ళందరూ పెళ్ళి పెద్దలే.

పెంచల్ దారం మెడ చుట్టూ తిప్పి మొదటి ముడి వేశాడు. శివపార్వతి చెయ్యి వెనక్కి పెట్టి తడిమి చూసింది.

“ఇది ఆ గ్రీకోడు నేర్పిన ముడి కదూ?”

“అలవాటైపోయింది...”

“ఒక్క వేలితో ఊడొచ్చేది నాకొద్దు. ఇప్పు. మన ఊరి ముడి ఎయ్యి.”

విప్పాడు. మళ్ళీ వేశాడు. ఒకటి, రెండు, మూడు. పెద్దక్క వచ్చి లాగి చూసి, ఇంకోసారి లాగి చూసి, తృప్తిగా తల ఊపింది.

“ఇంక ఆ కెప్టెన్ దిగొచ్చి లాగినా ఊడదు.”

“యల్లా, యల్లా!” అని డ్రైవర్ హారన్ కొట్టాడు. తలమీద బియ్యం గింజలతోనే ఇద్దరూ బస్సు మెట్ల దగ్గరికి పరుగెత్తారు. ఈసారి పెంచల్ పరుగెత్తే ముందు ఎవరి చెయ్యి పట్టుకున్నాడో ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు.