బావ గొంతు

రంగుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుని అందరూ చాటుగా రూల్సమ్మ అనేవాళ్ళు. హెల్మెట్ లేకపోతే సొంత మేనమామనైనా గేటు దాటనివ్వదని పేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తిట్టుకుంటే తిట్టుకోనీ, సాయంత్రానికి ఎవరి కాళ్ళ మీద వాళ్ళు ఇంటికి పోతే చాలనుకునేది.

ఆ మధ్యాహ్నం షెడ్డు వెనక మురుగు ట్యాంకు శుభ్రం చేయించాలి. నేలలోకి దించిన ఇనుప ట్యాంకు అది. పైన ఒక మనిషి పట్టేంత నోరు, దానికో మూత, లోపలికి సన్నటి నిచ్చెన. ఆ పనికి ఎప్పుడూ బావా బామ్మర్దులిద్దరే వస్తారు. బావ దిగుతాడు, బామ్మర్ది పైన తాడు పట్టుకుంటాడు.

"మా అక్క కాపురం నా చేతిలో ఉంది మేడమ్" అన్నాడు బామ్మర్ది తాడు చూపించి.

"నీ తిండి కూడా దాని మీదే ఉంది, గుర్తుపెట్టుకో" అన్నాడు బావ ఆ తాడు కట్టిన బెల్టు నడుముకి బిగించుకుంటూ.

రూల్సమ్మ నవ్వి విషపు గాలి కొలిచే మీటరు లోపలికి దించి చూసింది. గాలి బాగానే ఉంది. బావ దిగాడు. పాత రంగు, తడి తుప్పు కలిసిన వాసన పైకి తన్నింది. లోపల పార గీరుకుంటున్న చప్పుడు... కాసేపటికి అది ఆగిపోయింది.

బావ తల పైకి వచ్చింది. ఒళ్ళంతా నల్లటి మడ్డి. వచ్చి గోడ నీడలో కూర్చున్నాడు.

"బెల్టేది?" కసిరింది రూల్సమ్మ.

"ఇరుక్కుంది మేడమ్. వదిలేశా."

ఆమె ఇంకో నాలుగు చీవాట్లు పెట్టబోతుండగా లోపల్నించి వినిపించింది.

"ఒరేయ్... లాగరా... ఊపిరాడట్లేదు..."

బావ గొంతే. పొల్లుపోకుండా బావ గొంతే.

బామ్మర్ది ట్యాంకులోకి తొంగిచూశాడు. గోడ దగ్గర కూర్చున్న మనిషిని చూశాడు. చేతిలో తాడు చూశాడు. తాడు బిర్రుగా ఉంది.

వాడూ రూల్సమ్మా కలిసి లాగారు. బరువు... మనిషి బరువే. ఇంకో మూరెడు లాగేసరికి తాడు ఒక్కసారిగా తేలికైపోయింది. బెల్టు పైకొచ్చింది. బకిల్ బిగించినట్టే ఉంది. ఎవరూ విప్పలేదు.

"ఒరేయ్... పైనున్నది నేను కాదురా..."

"బావా!" బామ్మర్ది నిచ్చెన మీద కాలు పెట్టాడు. రూల్సమ్మ వాడి చొక్కా పట్టుకుని వెనక్కి గుంజి, మీటరు లోపలికి దించింది. ఈసారి అది చెవులు చిల్లులు పడేలా మోగింది. మడ్డి కదిలి విషపు గాలి లేచింది. ఆక్సిజన్ సిలిండర్ లేకుండా దిగినవాడు మళ్ళీ పైకి రాడు. కాపాడదామని దిగినవాళ్ళే ముందు పోతారని ఎందరికో పాఠం చెప్పిన మనిషి ఆమె.

"వదలండి మేడమ్... మీ కాళ్ళు పట్టుకుంటా..."

"వద్దు నాన్నా. ఫైర్‌వాళ్ళకి ఫోన్ చేస్తున్నా. వచ్చేస్తారు."

గోడ నీడలోంచి ప్రశాంతంగా ఒక మాట వచ్చింది. "మూత వేసేద్దాం మేడమ్."

ఆమె వాడి వైపు తల తిప్పలేకపోయింది. నీడలో కూర్చున్నవాణ్ణి పట్టుకోమని ఏ రూలుంది? లోపలివాణ్ణి వదిలేయమని ఏ రూలుంది? బామ్మర్ది చొక్కా పిడికిట్లో బిగించి అలాగే నిలబడింది.

గొంతు సన్నబడింది. ఏడుపైంది. మూలుగైంది. తర్వాత... ఏమీ లేదు.

ఫైర్‌వాళ్ళు సిలిండర్లతో దిగి ట్యాంకంతా వెతికారు. మడ్డి తప్ప ఏమీ లేదన్నారు. "గ్యాస్ ముందు పైవాళ్ళకే ఎక్కినట్టుంది" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. బావ లేచి ఒళ్ళు కడుక్కున్నాడు. అదే మొహం, అదే నవ్వు. డాక్టరు చూసి బాగానే ఉన్నాడన్నాడు. బామ్మర్ది భయపడుతూనే స్కూటరు మీద ఎక్కించుకుపోయాడు. ఆపడానికి రూల్సమ్మకి కారణం దొరకలేదు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఫోను మోగింది. బామ్మర్ది అక్క.

"మేడమ్... ఆయనకి ఇల్లెక్కడో తెలియట్లేదు. వీధి చివర దిగి నిలబడిపోతే తమ్ముడు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు."

"సరే, పడుకోబెట్టమ్మా. మళ్ళీ డాక్టర్ని పంపిస్తా."

"అది కాదు మేడమ్..." ఆమె గొంతు గుసగుసలోకి దిగింది. వెనక ఎవరో సన్నగా ఏడుస్తున్నారు. "ఆ చెయ్యి వదలట్లేదు. పక్కింటివాళ్ళతో కలిసి అందరం లాగినా రావట్లేదు. తమ్ముడి చెయ్యి నల్లబడిపోతోంది... ఆయన నవ్వుతూ కూర్చున్నారు మేడమ్."